మే నెలలో మన గదులకు తాళాలెందుకు?

ఏప్రిల్ ఆఖరి వారంలో ఒక సాయంత్రం హోసూరు బస్టాండులో అరగంట నిలబడి చూడండి. కృష్ణగిరి వైపు నుంచి వచ్చే బస్సుల్లోంచి వీపున ఒక సంచి, చేతిలో చాప చుట్టిన పరుపుతో కుర్రాళ్లు దిగుతుంటారు. కుప్పం, పలమనేరు, మదనపల్లె, ఇంకా దూరం నుంచి అనంతపురం, కడప. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ ఉంటారు. "అన్నా, రెండు రాత్రులుంటే చాలన్నా, ఈలోగా రూము చూసుకుంటాం." అవతలివాడు సీనియరు. వాడిదే ఒక గది, అందులో ఇప్పటికే నలుగురు. ఆ రెండు రాత్రులు ఇరవై అవుతాయి. ఇంటి యజమాని పసిగట్టేదాకా సాగుతుంది, తర్వాత అందరూ కలిసి వీధిలో పడతారు.

పోయిన ఏడాది మే నెలలో అట్లా వీధిలో పడిన ఇద్దరు మా ఇంటి తలుపు తట్టారు. ఎవరో మా సంఘం పేరు చెప్పారట. వాళ్లకు ఆ రాత్రికి చోటిచ్చి, మర్నాటి నుంచి నేనూ వాళ్లతోపాటు గది కోసం తిరిగాను. నాలుగు రోజులు తిరిగాం. ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నది రాయాలనుకుంటూనే ఏడాది గడిచిపోయింది. మళ్లీ వేసవి వస్తోంది కాబట్టి ఇప్పుడైనా రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. ఈ కోపం ఇంటి యజమానుల మీద కొంత, ప్రభుత్వాల మీద కొంత, ఎక్కువ భాగం మన మీదే.

మొదట ఈ పిల్లలు ఎందుకొస్తారో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ చదివేవాళ్లకు ఆర్20 నిబంధనలు వచ్చిన తర్వాత రెండు వేసవి ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి అయ్యాయి. రెండో ఏడాది చివర ఒకటి, మూడో ఏడాది చివర ఒకటి. ఆర్20 ప్రకారం ఒక్కొక్కటి కనీసం ఆరు వారాలు. డిగ్రీ పిల్లలకు కూడా రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఉంది. మంచి నిబంధనే. పుస్తకం తప్ప యంత్రం ముట్టని చదువు చదువే కాదు. కానీ కుప్పం పక్క పల్లెలో ఉండే మెకానికల్ పిల్లవాడు ఆ యంత్రాన్ని ఎక్కడ ముట్టాలి? వాడికి దగ్గరలో ఉన్నది హోసూరు. సిప్కాట్ పారిశ్రామిక వాడలు, అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్, వాటికి విడిభాగాలు చేసే వందలాది చిన్న షాపులు. చదువు ఆ రాష్ట్రంలో, పని నేర్చుకునే చోటు ఈ రాష్ట్రంలో. పొమ్మని నిబంధన రాసినవాళ్లు పోయినచోట ఎక్కడ పడుకోవాలో ఒక్క వాక్యం రాయలేదు.

ఇంటర్న్‌షిప్‌కు పోకుండా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్లు ఉన్నారని మనం ఎగతాళి చేస్తాం. అందులో సోమరితనం ఉందంటే ఒప్పుకుంటాను. కానీ గది దొరకక తిరిగిపోయిన పిల్లవాడికి ఆ సర్టిఫికెట్ ఒక్కటే మిగులుతుందని కూడా ఒప్పుకోండి.

ఇంకో రకం పిల్లలు ఇక్కడే చదివేవాళ్లు. హోసూరు, కృష్ణగిరి, బర్గూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్, నర్సింగ్, పారామెడికల్, పాలిటెక్నిక్ కళాశాలల్లో సరిహద్దు అవతలి మన పిల్లలు చేరతారు. సరిహద్దు దాటితే చాలు, హోసూరు దాకా వచ్చేసరికి అటు బెంగళూరు శివార్లలోని అత్తిబెలె, ఆనేకల్ కళాశాలలు కూడా తగులుతాయి. ఏడాదంతా హాస్టల్లో ఉంటారు. పరీక్షలు కాగానే హాస్టల్ ఖాళీ చేయమంటారు. మెస్ మూస్తారు, నీళ్ల మోటారు ఆపేస్తారు. కానీ పిల్లవాడి పని అయిపోదు. ఒక సబ్జెక్టు తప్పి మళ్లీ రాయాల్సి ఉంటుంది, ప్రాజెక్టు మిగిలి ఉంటుంది, ఆసుపత్రి డ్యూటీలు ఉంటాయి, లేదా వచ్చే ఏడాది ఫీజు కోసం రెండు నెలలు ఎక్కడో పని చేసుకోవాలి. ఇంటికి పోతే ఆ పని పోతుంది. ఉండాలంటే గది లేదు.

వీళ్లను బయటి రాష్ట్రంవాళ్లు అంటారు. నాకు నవ్వొస్తుంది. కృష్ణగిరి జిల్లా ధర్మపురి నుంచి విడిపోయి ఏర్పడింది 2004లో. అంతకుముందు ఎన్ని గీతలు గీసినా, ఈ మొరసునాడులో హోసూరు, బాగలూరు, శూలగిరి, డెంకణికోట పల్లెల్లో ఇంటిభాష తెలుగే. గది చూపించే ముసలమ్మ తెలుగే మాట్లాడుతుంది. "ఏ ఊరు నాయనా?" అని ప్రేమగానే అడుగుతుంది. రెండో ప్రశ్న దగ్గర ప్రేమ ఆగిపోతుంది. ఆ రెండో ప్రశ్న సంగతి తర్వాత చెప్తాను.

ముందు డబ్బు లెక్క. బెంగళూరు జబ్బు హోసూరుకు ఎప్పుడో అంటుకుంది: పది నెలల బాడుగ అడ్వాన్సు. లెక్క కోసం ఐదు వేల బాడుగ గది అనుకుందాం. అడ్వాన్సు 50,000. పిల్లవాడు ఉండేది ఆరు వారాలు, అంటే వాడి అసలు బాడుగ 7,500. ఏడున్నర వేల అవసరానికి యాభై వేలు చేతిలో పెట్టమంటున్నాం. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. యాభై వేలంటే 163 రోజుల కూలి. ఆ పథకం ఒక కుటుంబానికి ఏడాది మొత్తంలో హామీ ఇచ్చిందే 100 రోజులు. ఆ పిల్లవాడి అమ్మానాన్న మట్టి తవ్వి సంపాదించగలిగిన దానికంటే ఎక్కువ సొమ్ము, వాడు తిరిగి వెళ్లేదాకా ఒకరి దగ్గర ఊరికే పడి ఉండాలి. తిరిగిచ్చేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల బాడుగ కోత. ఆరు వారాల్లో గోడలకు ఏమంత మసి పడుతుందో నాకు అర్థం కాదు.

పీజీలు ఇంత అడగవు, నిజమే. అక్కడ ఇంకో లెక్క. నెలకు 6,000 అనుకుందాం. ఆరు వారాలకు 9,000 కావాలి. కానీ పీజీలో సగం నెల లేదు, కాబట్టి 12,000. పైగా ఒక నెల అడ్వాన్సు, అందులో మెయింటెనెన్సు పేరుతో కోత, ఖాళీ చేసేముందు నెల రోజుల నోటీసు. ఆరు వారాలకు వచ్చినవాడు చేరిన రెండో వారంలోనే ఖాళీ చేస్తున్నానని నోటీసు ఇవ్వాలన్నమాట!

పన్ను కూడా ఈ పొట్టి బసను వెలివేసింది. హాస్టళ్లు, పీజీల మీద జీఎస్టీ గురించి చాలా గొడవ జరిగాక, 2024 జూన్ 22న జరిగిన 53వ జీఎస్టీ మండలి సమావేశం ఒక మినహాయింపు ఇచ్చింది. మనిషికి నెలకు 20,000 రూపాయలు మించని వసతికి పన్ను ఉండదు, అయితే వరుసగా కనీసం 90 రోజులు ఉండాలి. ఏడాది పొడవునా ఉండేవాడికి మేలు. మరి ఒక ప్రభుత్వం ఆరు వారాలు పొమ్మని నిబంధన పెట్టిన పిల్లవాడు? ఆరు వారాలంటే 42 రోజులు. వాడు ఆ తలుపులోంచి దూరడు. చిన్న పీజీలకు జీఎస్టీ నమోదే అక్కర్లేదని మీరనవచ్చు. సేవలకు ఆ హద్దు ఏడాదికి 20 లక్షలు. తలకు ఆరు వేల చొప్పున ముప్పై మంచాలున్న పీజీ నిండుగా నడిస్తే ఏడాదికి 21 లక్షల 60 వేలు. హోసూరులో ముప్పై మంచాల పీజీ పెద్దదేమీ కాదు.

అడ్వాన్సు మీద చట్టం లేదా? ఉంది. తమిళనాడులో ఇంటి యజమానుల, బాడుగదారుల హక్కుల బాధ్యతల చట్టం 2017లో చేశారు, 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, దాన్ని నమోదు చేయాలి అంటుంది. అడ్వాన్సు మూడు నెలల బాడుగ మించి తీసుకోవడం చట్టవిరుద్ధం అని కూడా అంటుంది. అయితే ఆ వాక్యం ముందు ఒక చిన్న తోక తగిలించారు: వేరేగా ఒప్పుకుని ఉంటే తప్ప. ఆ తోక పట్టుకునే పది నెలలు నడుస్తున్నాయి. గది అత్యవసరమైనవాడు దేనికైనా ఒప్పుకుంటాడు. ఆకలితో ఉన్న ఏశావు ఒప్పుకున్నట్టే ఒప్పుకుంటాడు. దాన్ని ఒప్పందం అనడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు రెండో ప్రశ్న. "మీరేమిటోళ్లు?"

నేను పక్కన ఉండగానే నాలుగు చోట్ల అడిగారు. ఒకాయన నేరుగా అడిగాడు. ఒకామె ఇంటిపేరు అడిగి, ఊళ్లో ఇల్లు ఏ వీధి వైపో అడిగి, తినేది ఏమిటో అడిగి, చివరికి గది నిన్ననే అయిపోయిందన్నది. బయట టు-లెట్ బోర్డు అట్లాగే వేలాడుతూ ఉంది. ఆ ఇద్దరిలో ఒకడు మాదిగ క్రైస్తవ కుటుంబం పిల్లవాడు. వాడి సర్టిఫికెట్టులో బీసీ-సీ అని ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనవాళ్లు బయటే ఉండిపోయారు. ఎస్సీకి వచ్చే స్కాలర్‌షిప్ అడిగితే నువ్వు క్రైస్తవుడివి అంటారు. గది అడిగితే నువ్వు ఎస్సీవి అంటారు. ఒకే పిల్లవాడు, ఒకే వారంలో రెండు గుమ్మాల దగ్గర రెండు రకాలుగా ఓడిపోతాడు.

ఇంతవరకు చదివి మీలో చాలామంది తల ఊపి ఉంటారు. లోకం అట్లాంటిది బ్రదర్ అని నిట్టూర్చి ఉంటారు. ఆగండి. ఆ నాలుగు ఇళ్లలో ఒక ఇంటి గుమ్మం మీద సిలువ ఉంది. ముందుగదిలో యెహోవా ఇంటిని కాపాడతాడనే వాక్యం ఫ్రేము కట్టి ఉంది. ఆయన ఆదివారం ముందు వరుసలో కూర్చునే మనిషి. పేరు రాయను. రాయాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఆయన ఒక్కడే కాదు. పై అంతస్తు వేసి, దాని మీద ఇంకో అంతస్తు వేసి, ప్రతి గదికీ పది నెలల అడ్వాన్సు తీసుకుని, దాంతో పక్క స్థలం కొనే విశ్వాసులు మన మధ్య ఉన్నారు. కూడికలో సాక్ష్యం చెప్పేటప్పుడు దాన్ని ఆశీర్వాదం అంటారు. యెషయా ఐదో అధ్యాయంలో ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయేవాళ్ల మీద ప్రవక్త పలికిన మాట ఆశీర్వాదం కాదని వాళ్లకు ఎవరైనా చెప్పాలి. ఎవరూ చెప్పరు, ఎందుకంటే దశమభాగం అక్కడి నుంచే వస్తుంది.

అడ్వాన్సు గురించి బైబిల్లో ఏముంది అని ఒక యవ్వనస్థుడు నన్ను అడిగాడు. ఉంది తమ్ముడూ. ద్వితీయోపదేశకాండం 24 తీసి చదువు. పేదవాడి దగ్గర తాకట్టు తీసుకునే మనిషి ఎట్లా నడుచుకోవాలో అక్కడ ఉంది. వాడి ఇంట్లోకి చొరబడకూడదు, బయట నిలబడాలి. తాకట్టుగా ఇచ్చింది వాడు కప్పుకునే వస్త్రమైతే పొద్దుగూకేలోగా తిరిగిచ్చేయాలి, దాన్ని ఉంచుకుని నిద్రపోకూడదు. అడ్వాన్సు అంటే తాకట్టు కాకపోతే మరేమిటి? ధర్మశాస్త్రం సూర్యాస్తమయం దాకా గడువిచ్చింది. మనం "ఇంకో బాడుగదారు వచ్చాక ఇస్తాంలే" అంటున్నాం.

ఇంటి యజమానులను వదిలేయండి, వాళ్లకు బ్యాంకు అప్పులుంటాయి. నా అసలు ప్రశ్న సంఘానికి. ఈ జిల్లాలో మన మిషన్ కాంపౌండ్లు ఎన్ని ఉన్నాయి, మందిరాల వెనక గదులు ఎన్ని, పాస్టరుగారి ఇంటిపైన ప్రసంగీకుల కోసం కట్టి ఏడాదికి మూడు రాత్రులు వాడే అతిథి గదులు ఎన్ని? అన్నిటికంటే ముఖ్యంగా, మన బోర్డింగు హాస్టళ్లు. బడి పిల్లలు ఏప్రిల్ మధ్యలో ఇళ్లకు వెళ్తారు, జూన్ మొదట్లో తిరిగొస్తారు. ఆ మధ్యలో మంచాలు, మరుగుదొడ్లు, వంటగది, నీళ్ల ట్యాంకు అన్నీ తాళం వేసి ఉంటాయి. ఎన్ని వారాలు? లెక్కపెట్టండి. ఇంచుమించు ఆరు, ఏడు. ఆ పిల్లవాడికి ఎన్ని వారాలు కావాలి? ఆరు.

అవసరం తారీఖులతో సహా వచ్చి మన గేటు ముందు నిలబడింది. లోపల మంచాలు ఖాళీగా ఉన్నాయి. మధ్యలో తాళం ఉంది, తాళంచెవి కమిటీ దగ్గర ఉంది. కమిటీ జూన్‌లో కూడుతుంది.

కాంపౌండు ముందుభాగం షాపులకు బాడుగకివ్వడానికి మాత్రం కమిటీ ఏ నెలలోనైనా కూడుతుంది. ఇది నేను ఒక సంఘాన్ని ఉద్దేశించి రాయడం లేదు, అన్ని శాఖలవాళ్లూ తమ తమ కాంపౌండ్లు తలుచుకోవచ్చు.

మనకు సత్రంలో చోటు లేదనే కథ మీద ఎంత ప్రేమో! ప్రతి డిసెంబరు బెత్లెహేము నాటకం వేస్తాం. సత్రంవాడి వేషం వేసిన పిల్లవాడు తలుపు మూస్తే జనం అయ్యో అంటారు. ఐదు నెలలు తిరిగేసరికి అదే హాలుకు మనమే తాళం వేస్తాం. ఏసీ బిగించిన హాలు. వీబీఎస్ పది రోజులు జరుగుతుంది, తర్వాత ఆదివారం దాకా లోపల పావురాలు తప్ప ఎవరూ ఉండరు.

షూనేములో ఒక ఘనురాలు ఉంది. రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం. ఎలీషా ఆ దారిన వెళ్తున్నప్పుడల్లా భోజనం పెట్టేది. తర్వాత మేడ మీద ఒక చిన్న గది కట్టించింది. అందులో ఏమేం పెట్టిందో కూడా రాసి ఉంది: మంచం, బల్ల, పీట, దీపస్తంభం. విద్యార్థికి కావలసినవి సరిగ్గా ఆ నాలుగే. ఆమె ఎలీషాను పది నెలల అడ్వాన్సు అడగలేదు, నీదే గోత్రమని అడగలేదు. ఈ భాగం మీద మనం చెప్పే ప్రసంగాలన్నీ ఆమెకు కొడుకు పుట్టడం గురించే ఉంటాయి. గది గురించి ఒక్క ప్రసంగం కూడా నేను వినలేదు.

ఇది కొత్త పరిచర్య కూడా కాదు. 1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్ అనే బట్టల కొట్టు ఉద్యోగి, తనలాగే పల్లెల నుంచి వచ్చి కొట్టు పైగదుల్లో కిక్కిరిసి పడుకునే కుర్రాళ్లను చూసి ఒక చిన్న కూటం మొదలుపెట్టాడు. ప్రార్థనతో మొదలైన ఆ కూటమే వైఎంసీఏ. తర్వాత అది లోకమంతటా ఊరికి కొత్తగా వచ్చిన యవ్వనస్థులకు గదులిచ్చే సంస్థ అయింది. మన తెలుగు క్రైస్తవుల సంగతి చెప్పాలా? మన తాతల్లో చాలామందికి అక్షరం వచ్చింది మిషన్ బోర్డింగుల వల్లే. ఊరి బావి దగ్గరికి రానివ్వని కాలంలో ఎవరో ఒక తెల్లదొరసాని, ఒక తెలుగు బైబిలు స్త్రీ చాప పరిచి పడుకోమన్నారు కాబట్టి ఈరోజు మనలో కొందరు ఇంటి యజమానులయ్యారు. ఆ చాప మీద పడుకున్నవాళ్ల మనవళ్లే ఇప్పుడు "మీరేమిటోళ్లు?" అని అడుగుతుంటే ఏమనాలి?

అభ్యంతరాలు ఉన్నాయి. అన్నీ విన్నాను. మొదటిది: కుర్రాళ్లు తాగుతారు, సిగరెట్లు కాలుస్తారు, పేరు చెడుతుంది. కొందరు తాగుతారు. నియమాలు రాసి గోడకు అంటించండి, తప్పినవాణ్ని పంపేయండి. కల్యాణ మండపాన్ని పెళ్లికిచ్చినప్పుడు వెనక ఏం జరుగుతుందో తెలియనట్టు నటించగల సంఘం ఈ విషయంలో మరీ అంత బెదిరిపోనక్కర్లేదు.

రెండోది ఆడపిల్లల భద్రత. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2025 నవంబరులో హోసూరు దగ్గర ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ మహిళా హాస్టల్లో స్నానాల గదిలో రహస్య కెమెరా బయటపడి, అమ్మాయిలు పెద్ద సంఖ్యలో రోడ్డు మీదికి వచ్చి కూర్చున్నారు. లోపలివాళ్లను నమ్మలేని పరిస్థితి అది. కాబట్టి ఆడపిల్లలకు గదులిస్తే బాధ్యత స్త్రీల చేతిలో ఉండాలి. రాత్రి అక్కడే పడుకునే ఒక పెద్దమ్మ ఉండాలి, ఫిర్యాదు చేయడానికి సంఘం బయటి మనిషి ఫోను నంబరు ఒకటి తలుపు మీద ఉండాలి. పాస్టరుగారి దగ్గర తాళంచెవి ఉండకూడదు. అయ్యగార్లు ఈ వాక్యానికి నొచ్చుకోవద్దు. మంచి కాపరికి ఈ నియమం రక్ష, చెడ్డ కాపరికి అడ్డం. తమిళనాడులో మహిళలకు, పిల్లలకు హాస్టళ్లు నడపాలంటే 2014 చట్టం ప్రకారం లైసెన్సు తీసుకోవాలి. ఉన్న బోర్డింగుకు అది ఉందో లేదో ముందు మన కాగితాలు మనం చూసుకోవాలి. పిల్లల సంరక్షణ గృహంగా నమోదైన చోట పెద్దవాళ్లను చేర్చాలని నేను అనడం లేదు, అక్కడి నియమం అక్కడే. అది మినహా మిగతా చోట్లు మనకు చాలానే ఉన్నాయి.

అమ్మాయిలకు చోటు వద్దు, గొడవెందుకు అనే మాట మాత్రం భద్రత కాదు. గది దొరకని అబ్బాయి ఇంకొకడి గదిలో నేల మీద పడుకుంటాడు. గది దొరకని అమ్మాయి ఇంటర్న్‌షిప్ మానేస్తుంది. నేను చూసిన తేడా అది. తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగం చేసే స్త్రీల కోసం తోళి పేరుతో హాస్టళ్లు నడుపుతోంది. ఉద్యోగం ఇంకా రాని, దాన్ని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు అట్లాంటి నీడ కావాలని మనమైనా అడగాలి కదా.

మూడోది పన్ను, చట్టం, లెక్కల భయం. ట్రస్టు ఆస్తిలో డబ్బు తీసుకుంటే చిక్కొస్తుందేమో అంటారు. జీఎస్టీ మాటకొస్తే, నమోదైన ధార్మిక ట్రస్టు తన మందిర ఆవరణలో అందరికీ ఇచ్చే గదులకు రోజుకు 1,000 రూపాయల కంటే తక్కువ తీసుకుంటే మినహాయింపు మొదటి నుంచీ ఉంది. అక్కడ 90 రోజుల షరతు లేదు. చూడండి ఈ విచిత్రం: పీజీవాడికి దొరకని సందు చట్టం మనకిచ్చింది, తలుపు తెరిచి పెట్టింది. మనం ఆ తలుపుకూ తాళం వేసుకున్నాం. మిగతా లెక్క మీ ఆడిటరును అడగండి. షాపులకిచ్చేటప్పుడు అడిగారు కదా.

నాలుగో అభ్యంతరం చాలా మర్యాదగా వస్తుంది. "వాళ్ల కోసం ప్రార్థిద్దాం బ్రదర్." యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో బట్టలూ తిండీ లేనివాడికి చల్లని మాట చెప్పి పంపేవాళ్లను ఏమన్నాడో ప్రార్థన మొదలుపెట్టే ముందు ఒకసారి చదవండి.

ఎంత తీసుకోవాలి? ఉచితంగా ఇవ్వమని నేను అడగడం లేదు. ఉచితంగా ఇచ్చినచోట పిల్లవాడు నోరెత్తలేడు. నీళ్లు రాకపోయినా, దోమలు కుట్టినా ఊరుకుంటాడు, ఆదివారం ఇష్టం లేకపోయినా పాటలు పాడతాడు. కరెంటు, నీళ్లు, ఊడ్చే మనిషి కూలి, వంట గ్యాసు, ఇవన్నీ కలిపి మంచానికి ఎంతవుతుందో అంత. వారం లెక్కన తీసుకోండి, నెల లెక్కన కాదు. రసీదు ఇవ్వండి. అడ్వాన్సు ఒక వారం బాడుగ మించకూడదు, వెళ్లేరోజే చేతికి తిరిగివ్వాలి. కులం, మతం అడగకూడదు. మందిరానికి రావాలనే షరతు పెట్టకూడదు. ముస్లిం పిల్లవాడు వచ్చి అడిగినా ఇదే లెక్క. మత్తయి 25లో పరదేశిని చేర్చుకున్నవాళ్ల గురించి చెప్పిన ప్రభువు ఆ పరదేశి ఏ సంఘ సభ్యుడో చెప్పలేదు.

ఇంట్లో గది ఉన్న విశ్వాసులకు ఇంకా తేలిక. పై గది ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఖాళీగా ఉంటే ఆరు వారాలకు ఒక రాతకాగితం మీద ఇవ్వండి. మూడు నెలల అడ్వాన్సు అనే హద్దును చట్టం తోక పట్టుకుని దాటకండి. ఆరు వారాలకైతే మూడు నెలలు కూడా అన్యాయమే, ఒక నెల చాలు.

యవ్వనస్థులకు ఒక మాట. మీ దగ్గర డబ్బు లేదు, ఆస్తి లేదు, కమిటీలో ఓటు లేదు. కానీ ఏ వీధిలో ఏ గది ఖాళీగా ఉందో, ఏ యజమాని రెండో ప్రశ్న వేస్తాడో మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ జాబితా రాయండి. మీ సంఘం కాంపౌండులో మే నెలలో ఎన్ని మంచాలు ఖాళీగా ఉంటాయో లెక్కపెట్టండి, అంకె కాగితం మీద పెట్టి కమిటీ పెద్దల చేతికివ్వండి. అంకెతో వచ్చినవాణ్ని ప్రార్థనతో సాగనంపడం కొంచెం కష్టం. ఇంకో సంగతి, మీకు గది దొరికితే రసీదు అడగండి, ఒప్పందం కాగితం అడగండి. "మనోడే కదా, కాగితమెందుకు?" అని క్రైస్తవ యజమాని అంటే మరీ గట్టిగా అడగండి.

మా ఇంటికి వచ్చిన ఆ ఇద్దరి సంగతి చెప్పలేదు కదూ. నాలుగో రోజు ఒకడికి పీజీలో మంచం దొరికింది, పన్నెండు వేలు కట్టి చేరాడు. రెండోవాడు, ఆ బీసీ-సీ సర్టిఫికెట్టు పిల్లవాడు, ఐదో రోజు పొద్దున కృష్ణగిరి బస్సెక్కాడు. మా ఇంట్లోనే ఉండమని నేను ఆలస్యంగా అన్నాను. ముందు రాత్రే అనాల్సింది. మా పిల్లల పరీక్షలు, బంధువులు వస్తున్నారు, బాత్రూం ఒక్కటే అని లెక్కలు వేసుకుంటూ పడుకున్నాను. "ఫర్వాలేదన్నా, ఊళ్లో నాన్నతో పనికి పోతాను" అన్నాడు. ఆ ఇంటర్న్‌షిప్ ఇంకా బాకీ ఉంది. ఈ ఏడాది రెండోది కూడా కలిసింది.

మా ఇంటి మేడ మీద సామాన్ల గది ఒకటి ఉంది. పాత బీరువాలు తీసేసి సున్నం కొట్టించాం. మంచం, బల్ల, ఒక కుర్చీ, ఒక లైటు. ఏప్రిల్ 15 నుంచి వాడికోసం ఉంచాం, ఫోను చేసి చెప్పాను. రెండో మంచానికి చోటుంది. మా సంఘం బోర్డింగులో మాత్రం పోయిన వేసవిలో నేనే వెళ్లి లెక్కపెట్టిన ముప్పై ఎనిమిది మంచాల సంగతి ఇంకా కమిటీ అజెండాలోకి రాలేదు.